దుప్పటి కింద మాట

శవం ఎవరిదో ఎవరికీ చెప్పలేదు.

హాలు మధ్యలో చాప, చాప మీద తల నుంచి పాదాల దాకా కప్పిన తెల్ల దుప్పటి. దాని కింద పడుకున్నది మేకప్ మనిషి. పొడుగూ కాదు పొట్టీ కాదు, లావూ కాదు సన్నమూ కాదు. దుప్పటి కప్పితే ఆడో మగో చెప్పలేని ఒళ్ళు. అందుకే ఆయన్ని ఎంచుకున్నారు.

"ముఖం కనపడొద్దు. చెయ్యి కనపడొద్దు. జుట్టు అసలే కనపడొద్దు," అన్నాడు డైరెక్టరు, దుప్పటి అంచుని చాప కిందకి దోపుతూ. "ఎవరు పోయారా అని వారమంతా జనం తల బద్దలు కొట్టుకోవాలి."

"ముందు మన తలలు బద్దలయ్యేలా ఉన్నాయి," అని కెమెరామన్ గొణిగాడు. "సార్, నిజంగా పోయిందెవరు?"

"చెప్తే నీ మొహంలో తెలిసిపోతుంది."

"నేను కెమెరా వెనకాల కదా ఉండేది!"

అందరూ నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు.

సీరియల్లో ఆమె హీరోయిన్‌కి పిన్ని. సెట్లో అందరికీ పిన్నే. సొంత పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఆకుపచ్చ చీర కొంగు మడతలు సర్దుకుంటూ, తన పిలుపు కోసం చూస్తోంది.

ఈ సీరియల్‌కి అదో జబ్బు. సోమవారం మొదట్లో శనివారం జరగబోయేది చూపిస్తారు. అరుపు, రక్తం, పగిలిన అద్దం, ఏదో ఒకటి. వెంటనే నల్ల తెర, గడియారం టిక్కుటిక్కుమని చప్పుడు, తెల్ల అక్షరాలు: ఆరు గంటల ముందు. ఒకసారి స్టవ్ మీద పాలు పొంగిపోవడానికి కూడా ఆరు గంటలు వెనక్కి వెళ్ళారు. ఇంకోసారి హీరోయిన్ నుదుటి కట్టుతో మొదలుపెట్టి, ఆ కట్టు ఎందుకు కట్టారో చెప్పడం మరిచిపోయారు. అది ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. యూనిట్లో డైరెక్టరు చాటున ఆయన పేరు గడియారం.

ఒక్కొక్కరినీ పిలిచి ఏడుపులు తీస్తున్నారు. హీరోయిన్ ఏడ్చింది. ఆమె మొగుడు నోటికి పిడికిలి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తోడికోడలు గుమ్మం పట్టుకుని జారిపోయింది. వంటమనిషి వేషం ఆవిడ, నెలకోసారి కూడా కెమెరా ముందుకి రానిది, ఆవిడ చేత కూడా రెండు సార్లు ఏడిపించారు. మధ్యలో దుప్పటి కింద మేకప్ మనిషి గురక పెడితే, లేపి మళ్ళీ పడుకోబెట్టారు.

"అయిపోయింది. లైట్లు ఆపండి," అన్నాడు డైరెక్టరు.

పిన్ని లేచి నిలబడింది. "డైరెక్టరుగారూ, నా ఏడుపు?"

ఆయన ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత లైట్ల వంక చూశాడు. "మీది ఇవాళ లేదు పిన్నిగారూ. మీరు వెళ్ళిపోవచ్చు."

కథలో ఇంట్లో చావు జరిగింది. వంటమనిషి కూడా ఏడ్చింది. సొంత పిన్ని ఏడవదా? ఏడవనిదెవరు? పోయినవాళ్ళే ఏడవరు.

బట్టలు మార్చుకునే గదిలో కాస్ట్యూమ్ అక్క చెయ్యి చాపింది. "ఆ ఆకుపచ్చది ఇచ్చెయ్యండి. ఉతకొద్దన్నారు. మడత పెట్టి విడిగా ఉంచమన్నారు."

"ఎందుకట?"

"నాకేం తెలుసు తల్లీ! గడియారం గారు చెప్పారు, నేను పెట్టాను."

పిన్ని చీర విప్పి ఇచ్చింది. ఆ చీరని అక్క జాగ్రత్తగా, ఇంక కట్టుకోనివాళ్ళ బట్టలా, గుడ్డ సంచిలో పెట్టి మూతి బిగించడం చూస్తూ నిలబడింది.

ఆ రోజు సెట్‌కే రానివారు ఒకరున్నారు. పెద్దాయన. సీరియల్లో ఇంటికి పెద్ద, పిన్నికి అన్నయ్య. ఆయన కూడా ఏడవలేదు. అంటే శవం ఇద్దరిలో ఒకరిది. ఒక పక్క ఇంటికి మూలస్తంభం, తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరిగే పెద్ద మనిషి. ఇంకో పక్క టీ కప్పులు అందించి "అయ్యో" అనే పిన్ని. ఎవరిని చంపుతారో చెప్పడానికి రైటరే అక్కర్లేదు.

సోమవారం పొద్దున సెట్‌కి వెళ్ళేసరికి వెనక మెట్ల మీద పెద్దాయన, రైటరు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద టీ గ్లాసులు. పెద్దాయన తల వంచి ఏదో చెబుతున్నాడు, రైటరు తల ఊపుతున్నాడు. పిన్ని మలుపులో ఆగింది. చెవులు రిక్కించాల్సిన పని కూడా లేకపోయింది. పెద్దాయన గొంతు గుసగుసగా మాట్లాడినా గోడ అవతలికి వినిపించే గొంతు.

"చెల్లెమ్మకి మాత్రం ఇప్పుడే తెలియనివ్వొద్దు."

"నేనెందుకు చెప్తానండీ," అన్నాడు రైటరు.

ఆమె ముందుకి అడుగేసింది. ఇద్దరూ టక్కున ఆగిపోయారు. రైటరు లేచి, ఉన్న టీ ఉన్నట్టే పారబోసి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏం చెల్లెమ్మా, కాఫీ తాగావా?" అన్నాడు పెద్దాయన, నిండుగా నవ్వుతూ.

"తాగాను అన్నయ్యగారూ. శనివారం రాలేదేం?"

"చిన్న పని ఉండి..." కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషి అబద్ధం చెబితే ఎంత అసహ్యంగా ఉంటుందో పిన్నికి ఆ పూట తెలిసింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు టీవీ ముందు బఠాణీలు వలుస్తోంది. మొగుడు పోయాక ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. సంపాదన పిన్నిది, పెత్తనం అత్తగారిది. తెర మీద దుప్పటి వచ్చింది. ఏడుపులు వచ్చాయి. నల్ల తెర, టిక్కు టిక్కు, ఆరు గంటల ముందు.

"వచ్చింది ముదనష్టపు గడియారం!" అని అత్తగారు బఠాణీ తొక్కల పళ్ళెం పట్టుకుని లేచింది. ఆ అక్షరాలు పడగానే లేచి, తొక్కలు పారబోసి, మంచినీళ్ళు తాగి, తీరిగ్గా రావడం ఆవిడకి అలవాటు. "చివర ఏమవుతుందో ముందే చెప్పేశాక మధ్యలో నేనెందుకు కూర్చోవాలి? మా అమ్మ కథ చెప్పేటప్పుడు ఇలాగే మొదలుపెడితే నిద్రపోయేవాళ్ళం."

వంటింట్లోంచే మళ్ళీ గొంతు వినిపించింది. "ఇంతకీ నిన్నే చంపారా?"

పిన్ని వంటింటి వైపు తిరిగింది. "ఎవరన్నారు?"

"ఒకళ్ళు అనాలా? అందరూ ఏడ్చారు, నువ్వు లేవు. ఆ పెద్దాయన కూడా లేడనుకో, కానీ ఆయన్ని చంపితే ఇంక ఆ ఇంట్లో ఏముందని చూస్తారు?" గ్లాసుతో వచ్చి కూర్చుంది. "పోనీలే. ఈ వయసులో పొద్దున్నే లేచి పరిగెత్తే బాధ తప్పుతుంది."

"అప్పుడు ఇల్లెలా గడుస్తుంది అత్తయ్యా?"

అత్తగారి చేతిలో బఠాణీ కాయ విడిపోకుండానే ఆగిపోయింది. అది చూసి పిన్నికి ఇంకా భయం వేసింది. ఈ వేషం కోసం ఎన్ని ఆఫీసుల గుమ్మాల్లో కూర్చుందో ఆవిడకీ తెలుసు. ఈ వేషం పోయాక మళ్ళీ ఆ గుమ్మాల్లో కూర్చోడానికి కుర్చీ అయినా వేస్తారో లేదో ఇద్దరికీ తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం డైరెక్టరు మానిటర్ ముందు ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. పిన్ని మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళి ఆయన పక్కన పెట్టింది. ఆమె ఎప్పుడూ అలా పెడుతుంది కాబట్టి ఆయన తల ఎత్తలేదు.

"డైరెక్టరుగారూ, ఒక మాట. మరోలా అనుకోకండి."

"చెప్పండి."

"పెద్దాయన గారికి ఈ మధ్య ఒంట్లో బాగున్నట్టు లేదు."

చెయ్యి ఆగింది. "ఎందుకలా అన్నారు?"

"ఏం లేదు... మాటలు మరిచిపోతున్నారు. పాపం, ఆయన తప్పు కాదు, వయసు. మొన్న భోజనాల బల్ల సీను గుర్తుందిగా? మధ్యలో ఆగిపోయారు."

ఆ సీను డైరెక్టరుకి గుర్తుంది. ఈ సీరియల్లో మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తారు, పక్క నుంచి అందించడానికి వీల్లేదు. మాట తప్పితే షాటు మొత్తం మళ్ళీ తియ్యాలి. ఆ రోజు పూటంతా పోయింది. "సారీ అండీ, నాదే పొరపాటు," అని పెద్దాయన అందరి ముందూ చేతులు జోడించాడు.

అసలు ఆగిపోయింది పిన్ని. ముందు మాట ఆమెది. అది రాక ఆమె తెల్లమొహం వేస్తే, కెమెరా ఆమె వైపు తిరిగేలోగా పెద్దాయన దగ్గి, తడబడి, తప్పు తన మీద వేసుకున్నాడు. బయటికొచ్చాక ఆమె దణ్ణం పెట్టబోతే, "నన్నంటే ఎవరూ తిట్టరమ్మా, నిన్నయితే తిడతారు," అన్నాడు.

అది ఆమెకి ఈ క్షణంలో కూడా గుర్తుంది. గుర్తుండగానే చెప్పింది.

"పెద్ద సీన్లు ఆయన మీద పెట్టుకుంటే ఇబ్బంది పడతారేమోనని..." అని ముగించింది.

డైరెక్టరు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "మంచిదైంది, ముందే చెప్పారు," అన్నాడు.

ఆ మాట ఎటు తిరుగుతుందో ఆమెకి అర్థం కాలేదు. ఇంటిపెద్ద పనికిరాడు కాబట్టి ఆయన్నే చంపుతారు, తను ఉంటుంది. ఆమె లెక్క అదే. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా అరచెయ్యి చీరకి రుద్దుకుంటూనే ఉంది, ఏదో అంటుకున్నట్టు.

గురువారం పొద్దున మేకప్ గదిలో ఆకుపచ్చ చీర కొక్కేనికి వేలాడుతోంది. సంచిలోంచి తీసి, నలిగిన మడతలు నలిగినట్టే ఉంచారు. పిన్ని గుమ్మంలోనే ఆగింది. మాట పని చెయ్యలేదా?

"ఇది కట్టుకోండి," అంది కాస్ట్యూమ్ అక్క. "ఇవాళ మీదే పెద్ద షాటు. శవం మీద పడి ఏడవాలిట. శనివారం పొద్దున తీసిన సీనులో చీరే కట్టాలి, లేకపోతే కలవదు. ఇందుకన్నమాట దాచమంది!"

"శవం మీదా? ఎవరి..."

పక్క కుర్చీ తిరిగింది. మొహానికి తెల్లటి పౌడరు, పెదాలకి బూడిద రంగు, పెద్దాయన.

"నాదే చెల్లెమ్మా," అన్నాడు. "ఎలా ఉన్నాను? పోయినవాడిలా ఉన్నానా, పోబోతున్నవాడిలా ఉన్నానా?"

మేకప్ మనిషి చిన్నబుచ్చుకున్నాడు. "రెండూ తేడా లేకుండా వేశానా అయితే?"

పిన్ని కుర్చీలో కూలబడింది. ఆమె కోరుకున్నదే జరిగింది. ఆనందం మాత్రం ఎక్కడా తగల్లేదు.

మేకప్ మనిషి బయటికి వెళ్ళాక పెద్దాయన గొంతు తగ్గించాడు. "నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు. చెబితే వద్దంటావని. నన్ను చంపమని నేనే అడిగాను."

"మీరా?"

"కళ్ళు చెల్లెమ్మా. శనివారం డాక్టరు దగ్గరే ఉన్నాను. ఆపరేషన్ చెయ్యాలట, ఇంక ఈ లైట్ల ముందు కూర్చోవద్దన్నాడు. ఎలాగూ వెళ్ళాలి. వెళ్ళేదేదో ఒక మంచి సీనుతో వెళ్దామని గడియారాన్ని బతిమాలాను. పోయే ముందు నిన్ను పిలిచి తాళాలు ఇచ్చే సీను. రైటరు పక్కన కూర్చుని రాయించుకున్నాను. నా మీద పడి ఏడ్చేది చెల్లెలొక్కతే అయ్యుండాలి, అందరితో పాటు గుంపులో ఏడిపించొద్దు, దానికి మంచి షాటు పెట్టండి అని కూడా చెప్పాను."

పిన్ని అద్దంలో చూడలేక ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. "మరి ఆ సీను ఎప్పుడు?"

"లేదు." ఆయన నవ్వడానికి చూశాడు, బూడిద పెదాలు సరిగా సాగలేదు. "మంగళవారం సాయంత్రం గడియారం ఫోన్ చేశాడు. సీను వద్దు సార్, దుప్పటి తీస్తే మీరు ఉంటారు, అంతే అన్నాడు. నేను మాటలు మరిచిపోతున్నానని ఎవరో చెప్పారట. అంత పెద్ద సీను నాతో తీస్తే శుక్రవారం పూటంతా పోతుందని భయం." అద్దం వైపు తిరిగాడు. "చూడు తమాషా! అయినదానికీ కానిదానికీ ఆరు గంటలు వెనక్కి వెళ్ళే మనిషి, నా ఒక్కడి కోసం వెళ్ళనన్నాడు."

"ఎవరు చెప్పారో అడిగారా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అడిగి ఏం చేస్తాను? ఎవరి భయం వాళ్ళది."

అద్దంలో ఆయన కళ్ళు ఆమె వైపే ఉన్నాయో, మసకలో ఎటో ఉన్నాయో ఆమెకి తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

"వింటావా?" అన్నాడు హఠాత్తుగా. "ఎవరో ఒకరికి చెప్పాలిగా."

నడుముకి లేని తాళాల గుత్తిని రెండు చేతులతో విప్పాడు. ఆ చేతుల్లో బరువు కనపడింది.

"చెల్లెమ్మా, దీని చప్పుడు వింటే ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు. అది గౌరవం అనుకున్నాను. నువ్వొక్కదానివే చప్పుడు విని టీ పెట్టేదానివి. ఎవరు భయపడ్డారో, ఎవరు ఎదురు చూశారో తెలుసుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది..."

సీను చివరిదాకా చెప్పాడు. మధ్యలో ఆమె మాటలు వచ్చే చోట ఆగి, పెదాలు కదిపి, ఆమె మాటలు కూడా తనే అనుకుని, మళ్ళీ అందుకున్నాడు. ఒక్క మాట తప్పలేదు. అయ్యాక, చేతుల్లో లేని తాళాలు ఆమె ఒళ్ళో పెట్టాడు.

పిన్ని చేతులు ఆ లేని వస్తువు చుట్టూ బిగుసుకున్నాయి.

"షాట్ రెడీ!" అని కేక వినపడింది.

హాల్లో చాప, దుప్పటి. ఈసారి కింద ఉన్నది పెద్దాయన. కెమెరా పిన్ని మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆమె పరిగెత్తుకొచ్చి, దుప్పటి మీద పడి, అనాల్సిన మాట ఒక్కటే: "అన్నయ్యా, తాళాలు నాకిచ్చి నువ్వెక్కడికి వెళ్ళావు? నన్నెవరిని చూసుకోమన్నావు?"

"యాక్షన్!"

పరిగెత్తింది, పడింది. "అన్నయ్యా..." మాట అక్కడే ఆగింది. తాళాలు ఇచ్చే సీనే లేదు కదా, ఏ తాళాలని అడుగుతుంది?

"కట్. మళ్ళీ. పిన్నిగారూ, గ్లిసరిన్ ఎక్కువైందా?"

మళ్ళీ పరిగెత్తింది. "అన్నయ్యా, తాళాలు..." మాట లేదు. నిజంగానే లేదు, తుడిచేసినట్టు పోయింది. కెమెరా తిరుగుతూనే ఉంది. డైరెక్టరు నుదురు చిట్లించాడు.

అప్పుడు దుప్పటి కింద నుంచి, పెదాలు కదిలీ కదలనట్టు, గోడ అవతలికి కూడా వినిపించే ఆ గొంతు గుసగుసగా వచ్చింది. "తాళాలు నాకిచ్చి నువ్వెక్కడికి వెళ్ళావు... నన్నెవరిని చూసుకోమన్నావు..."

సెట్టంతా గొల్లుమంది. సౌండ్ మనిషి చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి నవ్వాడు. హీరోయిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సార్, శవాలు మాట్లాడకూడదండీ!" అన్నాడు డైరెక్టరు, తనూ నవ్వాపుకోలేక. "సరే, మళ్ళీ వెళ్దాం."

అక్కడితో అయిపోయేది. నవ్వేశారు, మళ్ళీ తీస్తారు, ఈసారి మాట ఆమె నాలుక మీదే ఉంది. పిన్ని లేచి తన చోటికి వెళ్ళాలి, అంతే.

ఆమె లేవలేదు. దుప్పటి మీద అరచెయ్యి అలాగే ఉంచి, తల మాత్రం ఎత్తింది.

"డైరెక్టరుగారూ, భోజనాల బల్ల సీనులో ఆగిపోయింది కూడా నేనే."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఆ రోజు నా మాట నాకు రాలేదు. ఈయన తన మీద వేసుకున్నారు. మొన్న మీకు తిప్పి చెప్పాను. నన్ను చంపుతారేమోనని భయపడి చెప్పాను." ఈసారి మాట తప్పలేదు. "మరిచిపోయేది ఈయన కాదండీ. ఇప్పుడు విన్నారుగా. తనవే కాదు, నావీ వచ్చు."

అరచేతి కింద ఆయన ఛాతీ ఎత్తుగా లేచి, ఆగి, నెమ్మదిగా దిగడం ఆమెకి తెలిసింది.

డైరెక్టరు మానిటర్ వంక చూశాడు. గోడ గడియారం వంక చూశాడు. పిన్ని వంక చూసిన చూపులో మంచి ఏమీ లేదు. "మీతో తర్వాత మాట్లాడతాను," అని, వెనక్కి తిరిగి అరిచాడు. "రైటర్ని పిలవండి. ఆ తాళాల సీను ఉందా, చింపేశాడా?"

శనివారం సాయంత్రం. తెర మీద మళ్ళీ దుప్పటి, మళ్ళీ ఏడుపులు, మళ్ళీ నల్ల తెర. టిక్కు, టిక్కు. ఒక గంట ముందు.

అత్తగారు అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది.

"కూర్చోండి అత్తయ్యా," అంది పిన్ని.

"నీళ్ళు తెచ్చుకుని వస్తానే. ఎలాగూ చివరికి..."

"కూర్చోండి."

ఆ గొంతు విని ఆవిడ కోడలి వంక వింతగా చూసి, కూర్చుంది.

పెద్దాయన మంచం అంచున ఉన్నాడు. ఎదురుగా ఆకుపచ్చ చీరలో చెల్లెలు. ఆయన నడుము దగ్గర ముడి విప్పుతున్నాడు, తొందర లేకుండా. తాళాలు గలగలమన్నాయి.

పక్కన బల్ల మీద పిన్ని ఫోన్ బోర్లా పడి ఉంది. శుక్రవారం ఆ సీను అయ్యాక ఆమెతో డైరెక్టరు మాట్లాడలేదు. సోమవారం రమ్మని ఇంతవరకూ కబురు రాలేదు. మామూలుగా అయితే ఈపాటికి వచ్చేస్తుంది.

"ఇంతకీ నిన్ను ఉంచుతారా, తీసేస్తారా?" అంది అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండానే.

"తెలీదు అత్తయ్యా."

"చూపిస్తాడులే ఆ గడియారం. వచ్చే వారం మొదట్లోనే నీ చివర ఏమిటో..."

"ష్," అని పిన్ని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. "ఆయన్ని మాట్లాడనివ్వండి."